తెల్ల లేసు, తెల్ల గోడ, కనిపించని చెయ్యి

గత ఏడాది మా నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో రెండురోజుల శిక్షణ శిబిరం జరిగింది. లేసు అల్లే ఆడవాళ్ళు తమ సరుకు తామే ఆన్‌లైన్‌లో అమ్ముకోవడం ఎలాగో నేర్పే శిబిరం. ముప్పైమందికి పైగా వచ్చారు. మా పెద్దమ్మ, పిన్ని వెళ్తుంటే వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. నాకు ఈ వ్యాపారం తెలీదు. నేను చదివింది సాహిత్యం. తెలుగు కథలో ఇంటిపని ఎలా కనిపిస్తుంది, ఎలా కనిపించకుండా పోతుంది అన్నదాని మీద డాక్టరేట్ చేశాను. అందుకేనేమో ఆ రెండు రోజులూ నా చూపు అంతా ఆ సంగతి మీదే ఉంది.

మొదటిరోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత శిక్షకుడు కెమెరాల గురించి చెప్పాడు. "ఫోటోయే మీ షాపు. ఫోటో బావుంటే సరుకు అమ్ముడుపోతుంది, లేకపోతే లేదు" అన్నాడు. అది అబద్ధం కాదు. తర్వాత తెర మీద ఒక జాబితా వేశాడు. మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి, దగ్గర నుంచి తీయడానికి మాక్రో లెన్సు ఒకటి, రెండు లైట్లు, ఒక తెల్ల గుడ్డ డబ్బా, మూడుకాళ్ళ స్టాండు. అన్నీ కలిపి లక్షకు కొంచెం తక్కువ. సంఘం మీద అప్పు తీసుకోవచ్చన్నాడు. రోజంతా వంచిన మెడ ఎత్తకుండా అల్లితే నూరు రూపాయలు చేతికి రావడం గగనమైన ఆడవాళ్ళు ఆ అంకె వంక చూస్తూ కూర్చున్నారు. ఒకామె లేచి, "సార్, ఫోను సరిపోదా అండీ?" అని అడిగింది. "ఫోనుతో తీస్తే ఫోను రేటే వస్తుందమ్మా" అన్నాడాయన. అందరూ నవ్వారు. అడిగినామె కూడా నవ్వి కూర్చుంది.

ఆ నవ్వు మీదే నా గొడవ. ఏ కెమెరా కొనాలి అన్నది సాంకేతికమైన ప్రశ్న అనీ, దానికి జవాబు చెప్పగలిగేది సాంకేతికం తెలిసినవాడేననీ అందరం ఒప్పేసుకున్నాం. నేను ఒప్పుకోను. కెమెరాని ఎవరు పట్టుకుంటారు, ఏ గంటలో పట్టుకుంటారు, దాని ముందుకి ఏది వస్తుంది, ఏది రాదు అన్నవి తేలకుండా ఏ మోడల్ మంచిదో ఎవరూ చెప్పలేరు. చెప్పినవాళ్ళు తమకి పనికొచ్చే కెమెరా పేరే చెబుతారు.

ఇంతగట్టిగా చెప్పడానికి కారణం, ఆ తప్పు ఆ శిక్షకుడి కంటే ముందు నేనే చేశాను. 2019లో నాకు ఫెలోషిప్ బకాయిలు ఒకేసారి వచ్చినప్పుడు ఇరవై ఎనిమిది వేలు పెట్టి ఒక పాత డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొని మా పిన్ని వాళ్ళకి తీసుకెళ్ళి ఇచ్చాను. ఏజెంటు దయ లేకుండా వాళ్ళే అమ్ముకుంటారని నా ఉత్సాహం. పిన్ని దాన్ని రెండు చేతుల్తో అందుకుంది, పసిబిడ్డని అందుకున్నట్టు. అదే మొదటి సూచన. నాకప్పుడు అర్థం కాలేదు. పోపు వేసిన చేత్తో పట్టుకోలేని వస్తువు అది. పాడైతే ఎవరు బాగుచేయిస్తారన్న భయం. లోపలి మెనూ అంతా ఇంగ్లీషు. తీసిన ఫోటోలు చూడాలంటే కంప్యూటరు కావాలి. కంప్యూటరు ఉన్నది మగపిల్లవాడి గదిలో. రెండు నెలలు తిరిగేసరికి కెమెరా మా చెల్లెలి భర్త చేతిలో ఉంది. చెడ్డవాడేం కాదు. నేర్చుకున్నాడు, బాగానే తీశాడు. కానీ ఆయన తీరినప్పుడే ఫోటో. ఆయన ఊళ్ళో లేకపోతే అల్లిన సరుకు మంచం కింద ట్రంకుపెట్టెలోనే. పెళ్ళిళ్ళ సీజన్‌లో కెమెరా పెళ్ళిళ్ళకి వెళ్ళేది, ఆ డబ్బు ఆయనది. ఏ ముక్క ఫోటో తీయాలో, ఏ ధర పెట్టాలో, కొనేవాళ్ళతో ఏం మాట్లాడాలో కూడా మెల్లగా ఆయనే చూసుకోసాగాడు. "ఏజెంటు పోయాడనుకున్నామే అమ్మాయ్, ఇంట్లోనే మేస్త్రీ తయారయ్యాడు" అంది పెద్దమ్మ. ఆ తర్వాత రెండు వానాకాలాలు బీరువాలో చీరల మధ్య ఉండిపోయిన కెమెరాకి లెన్సు లోపల బూజు పట్టింది. గోదావరి తేమకి లెన్సులు పొడిగా దాచుకోవాలని నాకూ తెలీదు, చెప్పినవాళ్ళూ లేరు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ కథ మా ఇంట్లోనే మొదలైంది కాదు. నరసాపురం లేసు చరిత్ర మొత్తం ఇదే కథ. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ మిషనరీల ద్వారా ఈ అల్లిక గోదావరి జిల్లాలకి వచ్చింది. ముందు నేర్చుకున్నవాళ్ళు క్రైస్తవంలోకి వచ్చిన పేద స్త్రీలు, ఎక్కువమంది దళితులు. తర్వాత అది గడప దాటకూడదన్న కట్టుబాటు ఉన్న ఇళ్ళలోకీ పాకింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికి వచ్చి, ఈ స్త్రీలతో మాట్లాడి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పుస్తకం రాసింది. స్త్రీవాద అర్థశాస్త్రం చదివే ప్రతి దేశంలోనూ ఆ పుస్తకం ద్వారా మా ఊరి పేరు తెలుసు. ఆమె చెప్పిన మాట సూటిగా ఇది: ప్రపంచ మార్కెట్ కోసం సరుకు తయారుచేస్తున్న ఈ స్త్రీలని కార్మికులుగా ఎవరూ గుర్తించరు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులు తీరికవేళ ఏదో అల్లుకుంటున్నారని అంటారు. ఆ అబద్ధం మీదే కూలి అంత తక్కువగా నిలిచింది. వ్యాపారం పెరిగేకొద్దీ ఏజెంట్లుగా, వ్యాపారులుగా, ఎగుమతిదారులుగా మగవాళ్ళు పైకి పోయారు. ఆడవాళ్ళు సూది దగ్గరే మిగిలారు. ఆ సూది దగ్గర కూడా పని ముక్కలుగా విడిపోయింది. పువ్వులు అల్లేవాళ్ళు వేరు, వాటిని కలిపే అతుకుపని చేసేవాళ్ళు వేరు. మొత్తం వస్తువు ఎలా ఉంటుందో, ఎవరింటికి పోతుందో, ఎంతకి పోతుందో పువ్వు అల్లినామెకి తెలీదు.

2024లో నరసాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఊరు పేరుకి చట్టం రక్షణ దొరికింది. అల్లిన మనిషి పేరుకి మాత్రం ఇంకా ఏ చీటీ మీదా చోటు లేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. లేసు అల్లే స్త్రీ తన పేరు మర్చిపోలేదు. ఆమెని ఎవరూ పేరు అడగలేదు, అంతే తేడా.

ఇప్పుడు ఆన్‌లైన్ అమ్మకం వచ్చింది. మధ్యలో వాళ్ళు పోతారు, అల్లేవాళ్ళకీ కొనేవాళ్ళకీ నేరుగా సంబంధం ఏర్పడుతుంది అన్నారు. కానీ కొత్త మార్కెట్‌కి కూడా ఒక గడప ఉంది. ఆ గడప పేరు ఫోటో. దాన్ని ఎవరు దాటిస్తారో వాళ్ళే కొత్త ఏజెంటు. లక్ష రూపాయల కెమెరా జాబితా చదువుతున్నప్పుడు నాకు వినిపించింది అదే. మళ్ళీ పైమెట్టు ఒకటి తయారవుతోంది, ఆడవాళ్ళు మళ్ళీ కిందిమెట్టు మీదే.

కెమెరా యంత్రమే కదా, దానికి ఆడా మగా ఏముంటుంది అని అడిగేవాళ్ళున్నారు. కెమెరా ఎప్పుడూ ఎవరి పక్షానా లేకుండా లేదు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ప్రచురించిన పరిశోధనలో కొడాక్ రంగుల ఫిల్ము కథ చెబుతుంది. ఫోటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉన్న కార్డు వాడేవాళ్ళు. దాన్ని 'షర్లీ కార్డు' అనేవారు. ఆమె చర్మం సరిగా వస్తే ఫోటో సరిగా వచ్చినట్టు. నల్లటి మొహాలు మసిముద్దలుగా వచ్చినా చాలాకాలం కంపెనీ పట్టించుకోలేదు. గోధుమరంగు ఛాయల్ని సరిగా పట్టే ఫిల్ము కోసం కంపెనీని కదిలించిన ఒత్తిళ్ళలో ముఖ్యమైనవి చాక్లెట్ల కంపెనీల నుంచీ, చెక్కసామాను వ్యాపారుల నుంచీ వచ్చాయట. తమ సరుకు ఫోటోల్లో తేడాగా కనిపించడం లేదని వాళ్ళు ఫిర్యాదు చేశారు. మనిషి మొహం కదిలించలేని యంత్రాన్ని చాక్లెట్టు కదిలించింది. అమ్మకపు ఫోటో గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ఈ కథ ఒకసారి గుర్తుచేసుకోవాలి.

మా లేసు విషయానికొస్తే చిక్కు ఇంకో రంగుతో. మా సరుకులో ఎక్కువభాగం తెలుపు. కెమెరాలో వెలుతురుని కొలిచే ఏర్పాటు, ఎదురుగా ఉన్నదంతా కలిపి సగటున బూడిదరంగు అనుకుని లెక్క వేసుకుంటుంది. తెల్ల లేసు తెల్ల గుడ్డ మీద పెట్టి తీస్తే అంతా మాసిన బూడిదరంగులో వస్తుంది. అది పాత సరుకు అనుకుంటారు కొనేవాళ్ళు. తెల్లగా రావాలని వెలుతురు పెంచితే లేసూ గుడ్డా కలిసిపోతాయి, అల్లిక మాయమైపోతుంది. అయినా పెద్ద వేదికల నియమం ఏమిటి? అమెజాన్‌లో మొదటి ఫోటోకి స్వచ్ఛమైన తెల్లటి నేపథ్యం ఉండాలి. ఫ్రేములో నూటికి 85 వంతులు వస్తువే నిండాలి. అమ్మకానికి లేనిది ఏదీ అందులో కనిపించకూడదు. చేతులు అమ్మకానికి లేవు కాబట్టి చేతులు ఉండకూడదు. స్టీలు గిన్నెకి పనికొచ్చే నియమం ఇది. తెల్ల లేసుకి ఇది ఉరి. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీ ఎలా వదిలారన్నదే అల్లికలో పనితనం. తెల్లటి నేపథ్యం ఆ ఖాళీని నింపేస్తుంది. చెయ్యిని తీసేసిన నియమం, ఆ చెయ్యి చేసిన పనిని కూడా తీసేస్తోంది.

మరి ఏం కావాలి? ఇక్కడ మా సంఘం ఆడవాళ్ళు రెండేళ్ళుగా తప్పులు చేస్తూ నేర్చుకున్నది చెబుతాను. ఇది నా పాండిత్యం కాదు.

ముందు కెమెరా అమ్మేవాళ్ళు చెప్పే పెద్ద అంకెల సంగతి. కొనేవాళ్ళు పెద్దది చేసి చూసుకోవడానికి ఫోటో పొడవాటి వైపు వెయ్యి పిక్సెళ్ళు దాటితే చాలని ఆ వేదికలే అంటున్నాయి. పన్నెండు మెగాపిక్సెళ్ళ మామూలు ఫోను తీసే ఫోటో నాలుగువేల పిక్సెళ్ళ పొడవుంటుంది. అంటే కావలసిన దానికి నాలుగు రెట్లు. పెద్ద కెమెరా గొప్పతనంగా చెప్పే ఇంకో సంగతి, వెనకదంతా మసకబారి వస్తువు ఒక్కటే స్పష్టంగా రావడం. పెళ్ళికూతురి మొహానికి అది అందమే. లేసుకి అది హాని. ఈ చివరి పువ్వు నుంచి ఆ చివరి అంచు దాకా ప్రతి ముడీ కనబడాలి. పెద్ద కెమెరాతో అలా రావాలంటే అపెర్చర్ బాగా తగ్గించాలి, అప్పుడు వెలుతురు చాలదు, అప్పుడు లైట్లు కొనాలి. ఫోనులో సెన్సరు చిన్నది కావడం వల్ల అంతా స్పష్టంగా రావడం తేలిక. లోపం అని చెప్పేదే ఇక్కడ గుణం.

ఫోనుకీ జబ్బులున్నాయి, దాచను. పోర్ట్రెయిట్ మోడ్‌లో తీస్తే అది లేసు కన్నాల్ని అర్థం చేసుకోలేక కొన్నిటిని పూడ్చేస్తుంది, కొన్ని అంచుల్ని తినేస్తుంది. చవక ఫోన్లలో మాక్రో అని విడిగా ఇచ్చే చిన్న కన్ను చాలాసార్లు దండగ. మామూలు కెమెరాతోనే కొంచెం దూరం జరిగి రెండు రెట్లు దగ్గరికి తెచ్చుకుని తీస్తే నయం. మరీ దగ్గరగా తీస్తే గుండ్రటి టేబుల్ మాటు కోడిగుడ్డులా వస్తుంది. ఫ్లాష్ వేస్తే దారం మెలిక చదునైపోతుంది. కిటికీ పక్కన వెలుతురు ఒక వైపు నుంచి వాలుగా పడితే ప్రతి మెలికకీ సన్నటి నీడ వస్తుంది, ఆ నీడే అల్లికని చూపిస్తుంది. తెల్ల లేసు కింద ముదురు నీలమో మెరూనో నూలుగుడ్డ పరవాలి. అప్పుడు ఫోను వెలుతురు అతిగా పెంచుతుంది. లేసు మీద వేలు పెట్టి నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి జరపాలి. అన్నిటికంటే ముందు లెన్సు తుడవాలి. మా పిన్ని ఫోటోలు ఏడాదిపాటు మసగ్గా వచ్చింది ఫోను పాతదై కాదు, వంటింటి నూనె చెయ్యి పడి. పాత నూలుచీర ముక్కతో తుడిస్తే పోయింది. స్టాండుకి నాలుగు వందలయింది.

నాసిరకం ఫోటో చాలు అని నేను అనడం లేదు. ఆ మాట కూడా ఒక రకం అవమానమే. పేదవాళ్ళ సరుకు పేదగా కనిపిస్తే జాలిపడి కొంటారు, లేదా బేరమాడి కొంటారు. రెండూ మాకు అక్కర్లేదు. డబుల్ కాట్ మంచం మీద పరిచే పెద్ద దుప్పటికీ, గోడకి వేలాడదీసే పెద్ద అచ్చుబొమ్మకీ పెద్ద కెమెరా నిజంగానే పనికొస్తుంది. అలాంటప్పుడు రోజు అద్దెకి తెచ్చుకోవచ్చు. సంఘం పేరు మీద కొనొచ్చు, కానీ తాళం ఎవరి దగ్గరుంటుందో పుస్తకంలో రాసుకుని కొనాలి. రాసుకోకుండా కొన్న ఆస్తి ఎవరి పాలవుతుందో మన ఇళ్ళలో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, ఫోనే మంచిదన్నాం. ఫోను మాత్రం ఎవరిది? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు సగానికి లోపే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు దాదాపు అయిదుగురిలో ఒకరు. మగవాళ్ళలో దాదాపు సగంమంది. తర్వాత అంకెలు పెరిగే ఉంటాయి. కానీ ఇంట్లో ఫోను ఉండడానికీ ఫోను ఆమెది కావడానికీ మధ్య ఉన్న దూరం అంకెల్లో తేలదు. మా సంఘంలో సగంమందికి పొద్దున ఫోను భర్తతో పొలానికో రొయ్యల చెరువుకో పోతుంది, సాయంత్రం తిరిగొస్తుంది. వెలుతురు పోయాక. అమ్మకపు ఖాతా తెరిస్తే ఓ.టి.పి. ఆయన నంబరుకి వస్తుంది. డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. ఆమెది ఒకే ఒక్క బొటనవేలి ముద్ర, అదీ లేసు మీద.

వెలుతురు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఫోటోకి మంచి వెలుతురు ఎప్పుడు అని ఏ పుస్తకం చూసినా పొద్దున ఎనిమిది నుంచి పది, లేదా సాయంత్రం నాలుగు నుంచి ఆరు అని ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? పిల్లల క్యారియర్లు, మొగుడి క్యారియర్, అత్తగారి మందులు, అంట్లు. సాయంత్రం నాలుగింటికి? నీళ్ళు, బట్టలు, పిల్లల రాక. మంచి వెలుతురున్న గంటలన్నీ వంటగంటలే. శిక్షకుడు 'గోల్డెన్ అవర్' అన్నప్పుడు పక్కన కూర్చున్నామె నా చెవిలో, "ఆ టైముకి నేను అన్నం వారుస్తా ఉంటానండి" అంది. ఆయన జాబితాలోని రెండు లైట్ల అవసరం నిజానికి అక్కడ ఉంది. రాత్రి పదకొండుకి, అందరూ పడుకున్నాక, ఇంకో పని చేయడానికి. ఎవరో ఒకరు పొద్దున గంటసేపు వంటింట్లో నిలబడితే ఆ లైట్లు కొనక్కర్లేదు. ఆ పరిష్కారం ఏ జాబితాలోనూ ఉండదు.

ఎందుకంటే ఫోటో తీయడం పని అని ఎవరూ అనుకోరు. ముక్కని ఉతికి, పలచగా గంజి పెట్టి, పిన్నులు గుచ్చి ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, గుడ్డ పరిచి, పదిసార్లు తీసి, మూడు ఎంచి, కొలతలు రాసి, పంపి, "ఇంకో వైపు నుంచి తీసి పెట్టండి" అంటే మళ్ళీ తీసి పంపడం. మేం ఒకసారి గడియారం పెట్టుకుని చూస్తే ఉతుకూ ఆరబెట్టడం వదిలేసి, ఒక్కో ముక్కకి యాభై నిమిషాలు తేలింది. కొన్నా కొనకపోయినా ఆ యాభై నిమిషాలూ పోయినవే. అల్లికని తీరికవేళ కాలక్షేపం అన్నవాళ్ళు, ఇప్పుడు ఫోటోని "ఫోనే కదా, చేతిలోనే ఉంది కదా" అంటున్నారు. మీస్ రాసి నలభై ఏళ్ళు దాటింది. ఆమె 2023లో చనిపోయింది. అబద్ధం మాత్రం ఇంకా ఆరోగ్యంగా ఉంది, కొత్త వస్తువుని కూడా తనలో కలిపేసుకుంది. మేం మాత్రం ధరలో ఫోటో కూలి అని విడిగా కలపడం మొదలుపెట్టాం. కొందరు కొనకుండా పోయారు. పోనీ.

ఇంకో తరహా ఫోటో గురించి కూడా కోపంగానే చెప్పాలి, అది మనవాళ్ళ నుంచే వస్తోంది. ముడతలు పడ్డ చేతులు, వాటిలో సూది, వెనక మట్టిగోడ. చేతిపని మీద ప్రేమ ఉన్న సంస్థలు, మనలాంటి చదువుకున్నవాళ్ళు ఇష్టపడే ఫోటో. నేనూ తీశాను, నలుగురికీ పంపాను, బావుందనిపించుకున్నాను. మా పెద్దమ్మ చూసి, "ఇవి ఎవరి చేతులే?" అంది. నీవే అన్నాను. "నావని ఎక్కడుంది?" అంది. తెల్ల నేపథ్యం మనిషిని తీసేస్తుంది. ఈ అందమైన ఫోటో మనిషిలోంచి చేతుల్ని కోసి తీసుకుంటుంది. ముసలితనమూ పేదరికమూ సరుకుకి వేసిన మెరుగైపోతాయి. అందరికీ మొహం చూపించాలనీ ఉండదు. మా సంఘంలో ఒకామె, "మొహం వద్దండి, మా వాళ్ళు ఊరుకోరు, పేరు మటుకు రాయండి" అంది. ఇంకొకామె, మాలపల్లి నుంచి వచ్చే ఆమె, "ఇంటిపేరుతో సహా రాయండి, మొహమూ పెట్టండి. మా నాయనమ్మ అల్లింది మిషను బంగళాలో దొరసాని పేరు మీద పోయింది" అంది. ఇద్దరి మాటా సరైనదే. మొహమా, పేరా, చేతులా, ఏదీ వద్దా అన్నది అల్లినామె నిర్ణయం. ఆ నిర్ణయం అడగకుండా తీసిన ఫోటో ఎంత మంచి కెమెరాతో తీసినా దొంగతనమే.

చివరిగా, ఫోన్ల పక్షాన నా అసలు వాదన. పెద్ద కెమెరా పని అయిపోయాక వస్తుంది. అల్లిక పూర్తయి, గంజి పెట్టి, మడతలు పోయాక దాన్ని బయటికి తీస్తారు. ఫోను అల్లుతున్నంతసేపూ పక్కనే చాప మీద ఉంటుంది. ఈ తేడా ఇవాళ ప్రాణంతో సమానం. మిషను లేసుని చేతి లేసు అని అమ్మేవాళ్ళు మా ఫోటోలనే ఎత్తుకెళ్ళి పెట్టుకుంటున్నారు. కంప్యూటరుకి నాలుగు మాటలు చెబితే ఎవరూ అల్లని లేసు బొమ్మ కూడా అది తయారుచేసి ఇస్తోంది, మాదానికంటే నున్నగా. పూర్తయిన వస్తువు అందమైన ఫోటో ఇప్పుడు దేనికీ రుజువు కాదు. సగం అల్లిన పువ్వు, సూదికి ఇంకా వేలాడుతున్న దారం, వెనకవైపు ముడి, విప్పి మళ్ళీ అల్లిన వరస, ఇవి రుజువు. ఇవి తీయగలిగేది అల్లే మనిషి ఒక్కతే. ఆమె ఆగిన క్షణంలో, ఆమె చేతికి అందే దూరంలో ఉన్న కెమెరాతోనే. లక్ష రూపాయల కెమెరా ఆ ఫోటో తీయలేకపోవడం దాని సామర్థ్యం లోపం కాదు, అది ఆ గదిలో ఉండదు.

అందుకని, శిక్షణలిచ్చే సంస్థలకి నేను చెప్పేది ఇది. కెమెరా జాబితా తెర మీద వేసే ముందు ఎదురుగా కూర్చున్నవాళ్ళని అడగండి. ఫోను ఎవరి పేరు మీద ఉంది? పొద్దున అది ఎక్కడుంటుంది? ఓ.టి.పి. ఎవరికి వస్తుంది? ఫోటో తీసే గంట వంట ఎవరు చేస్తారు? అప్పు ఇచ్చే మాటయితే ఆమె సొంత నంబరుతో ఆమె సొంత ఫోనుకి ఇవ్వండి, లక్షలో పదోవంతుకే వస్తుంది. పాఠం ఇంగ్లీషు మెనూల మీద కాకుండా కిటికీ దగ్గర పెట్టండి. ఫోను అడిగినామెని చూసి నవ్వకండి. ఆ రోజు ఆ గదిలో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిన్ని తన ఫోనులో ఫోటోలు చూపించింది. ఒకదానిలో నీలం గుడ్డ మీద సగం అల్లిన కాలర్, మూల ఆమె బొటనవేలు మసగ్గా పడింది. తీసేయమంటావా అని అడిగింది. వద్దన్నాను. రెండో ఫోటోగా అదే పెట్టాం, కింద ఆమె పేరు రాసి. మూడురోజుల తర్వాత ఒకామె రాసింది, ఆ వేలు ఉన్న కాలరే కావాలని. ధర తగ్గించమని కూడా అడిగింది. పిన్ని తగ్గించలేదు.